తాహో మంచుకి వెళ్ళాలా, అబ్బాయి ఇంట్లోనే ఉండిపోవాలా?

పటమట పెద్దాయన:
అందరికీ నమస్కారం. నాకు 67, మా ఆవిడకి 62. నవంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. క్రిస్మస్ సెలవుల్లో అక్కడి మంచు కొండల్లో ఉన్న లేక్ తాహో అనే సరస్సుకి తీసుకెళ్తానంటున్నాడు. సౌత్ లేక్ తాహోలో నాలుగు రాత్రులకి క్యాబిన్ కూడా చూసిపెట్టాడట. అబ్బాయీ కోడలూ స్కీయింగ్ చేస్తారు. మనవడికి మూడేళ్ళు. నాకు బీపీ, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బెజవాడ ఎండల్లో పెరిగిన ఒళ్ళు ఇది. జనవరిలో కాలువ గట్టున వాకింగ్‌కి వెళ్ళాలన్నా మఫ్లర్ చుట్టుకుంటాను. ఆదివారం లోపల ఏ సంగతీ చెప్పమన్నాడు. మా వయసువాళ్ళకి అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

లక్ష్మీపురం టు ఫ్రీమాంట్:
ఆలోచించకుండా వెళ్ళండి బాబాయ్ గారూ. మాది గుంటూరే, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు. స్కీయింగ్ రాకపోతే అక్కడ ఏం పని అనుకోకండి. హెవెన్లీ అనే స్కీయింగ్ రిసార్టు గొండోలా, అంటే తీగల మీద కొండెక్కే బండి, ఊరి మధ్యలోనే ఎక్కుతాం, 2.4 మైళ్ళ దూరం. స్కీయింగ్ చేయనివాళ్ళకి ఊరికే చూసిరావడానికి విడిగా టికెట్ ఇస్తారు. 9,123 అడుగుల ఎత్తున ఒక డెక్ ఉంటుంది, అక్కడ దిగి చూడండి. 22 మైళ్ళ పొడవున నీలం నీళ్ళు, చుట్టూ తెల్లటి కొండలు. నేను మొదటిసారి చూసినప్పుడు కాసేపు ఫోన్ తీయడం కూడా మర్చిపోయాను. సాయంత్రం కింద ఊళ్ళో తిరగొచ్చు. నాలుగడుగులు వేస్తే నెవాడా రాష్ట్రం, వరసగా క్యాసినోలు. అటు మాత్రం జాగ్రత్త. మా మావయ్య 150 డాలర్లు పోగొట్టుకున్న సంగతి అత్తయ్యకి ఈ రోజు వరకూ తెలీదు.

బ్రాడీపేట 4వ లైను:
వద్దండీ. ఫోటోలు చూసి మోసపోకండి. సరస్సు ఒడ్డే 6,225 అడుగుల ఎత్తులో ఉంది, మన తిరుమల కొండకి రెండింతలు పైన. డెక్ దగ్గరికి పోతే మూడింతలు. బీపీ ఉన్న మనిషిని అంత పైకి ఎక్కించి ‘వ్యూ చూడండి’ అంటారా? దారి సంగతి అసలు ఎవరూ చెప్పరు. మామూలుగా నాలుగు గంటలు. సెలవుల్లో మంచు పడిందంటే అది ఎనిమిది అవుతుంది. మధ్యలో ఆపి టైర్లకి గొలుసులు కట్టుకోమంటారు. మంచు మరీ ఎక్కువైతే రోడ్డే మూసేస్తారు. డోనర్ కనుమ అని ఉంది, 1846లో బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడ మంచులో చిక్కుకుని దాదాపు సగం మంది పోయారు. అలాంటి చోటికి సరదాకి పోతారా? అంత చలిలో సరస్సు కూడా గడ్డకట్టి ఉంటుంది. 

బీసెంట్ రోడ్ బుల్లోడు:
ఆ డబ్బుతో ఇక్కణ్ణించి గుల్మార్గ్ నాలుగుసార్లు వెళ్ళి రావచ్చు.

లక్ష్మీపురం టు ఫ్రీమాంట్:
గుల్మార్గ్ ఎత్తు 2,650 మీటర్లు బ్రదర్, తాహో కన్నా ఎక్కువ. అక్కడ బీపీకి ఏమన్నా సెలవిస్తారా?
4వ లైను గారికి మూడు మాటలు. ఒకటి, సౌత్ లేక్‌కి 50వ నంబరు దారిలో వెళ్తాం. డోనర్ కనుమ ఉన్నది 80వ నంబరు దారిలో, సరస్సుకి ఉత్తరాన. రెండు, 1846లో కార్లూ లేవు, హీటర్లూ లేవు. మూడు, తాహో గడ్డకట్టదు. ఎప్పుడూ కట్టదు.

బ్రాడీపేట 4వ లైను:
ఎప్పుడూ కట్టదా? నా కళ్ళతో చూశాను. ఎమరాల్డ్ బే దగ్గర ఒడ్డు పొడుగునా ఐసు. మా మనవరాలు రాయి విసిరితే టంగుమని శబ్దం వచ్చింది. కట్టదని నాకు చెప్తారా!

తెనాలి సైన్సు మాస్టారు:
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. తాహో 501 మీటర్ల లోతు. మన సాగర్ డ్యాములు మూడు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా నీటి పైకి రావు. నీటికి 4 డిగ్రీల దగ్గర సాంద్రత ఎక్కువ. పైన చల్లబడ్డ నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, కింది వెచ్చటి నీరు పైకి వస్తుంది. అంత లోతు నీటిలో ఉన్న వేడి ఒక చలికాలంలో అయిపోదు. అందుకే సరస్సు గడ్డకట్టదు. ఎమరాల్డ్ బే లాంటి ఇరుకు చోట్ల కొన్ని ఏళ్ళలో ఐసు పట్టడం ఉంది.

బ్రాడీపేట 4వ లైను:
అంటే నేను చెప్పింది నిజమే కదా మాస్టారూ.

లక్ష్మీపురం టు ఫ్రీమాంట్:
బకెట్లో ఐసుముక్క వేసి బకెట్ గడ్డకట్టింది అన్నట్టుంది. ఎమరాల్డ్ బే సరస్సుకి ఒక మూల మాత్రమే అండీ. సరస్సు గడ్డకట్టలేదు. ఒప్పుకోండి.

బ్రాడీపేట 4వ లైను:
మూల సరస్సులోది కాదా? రేపు మీ ఇంట్లో ఒక మూల కురుస్తుంటే ఇల్లు కురవడం లేదంటారా?

ఏలూరు రోడ్ సుబ్బడు:
పెద్దాయన బీపీ గురించి అడిగారు. మీ వాదన వింటుంటే నాకు వచ్చేట్టుంది.

తెనాలి సైన్సు మాస్టారు:
ఇంకో సంగతి. తాహో అన్నమాటకి అక్కడి వాషో తెగవారి భాషలో సరస్సు అనే అర్థం. లేక్ తాహో అంటే సరస్సు సరస్సు అన్నట్టే.

పటమట పెద్దాయన:
మాస్టారూ ధన్యవాదాలు. కానీ నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఖర్చు కూడా ఎంతవుతుందో ఎవరైనా చెప్పగలరా? అబ్బాయిని అడిగితే ‘మీకెందుకు డాడీ’ అంటాడు.

లక్ష్మీపురం టు ఫ్రీమాంట్:
బాబాయ్ గారూ, కోపం తెచ్చుకోకండి, ఆ ప్రశ్న మీ అబ్బాయిని మాత్రం అడగొద్దు. సెలవుల్లో స్కీయింగ్‌కి కొండెక్కించే లిఫ్టు టికెట్టే మనిషికి రోజుకి 200 డాలర్లు దాటుతుంది. మొన్నటేడు మా నాన్న గొండోలా కౌంటర్ దగ్గర నిలబడి బోర్డు చూశారు. అక్కడే నోటితో రూపాయల్లోకి లెక్కగట్టి, ‘ఇంత డబ్బుకి మనూళ్ళో నెల సరుకులొస్తాయి, నేను రాను’ అని బెంచీ మీద కూర్చున్నారు. వెనక లైన్లో జనం. నేను ఆ ట్రిప్ కోసం ఆరు నెలలు డబ్బు పక్కన పెట్టాను. ఆయన లేవలేదు, అమ్మ ఆయన్ని వదిలి రాలేదు. పైకెళ్ళి నేనూ మా ఆవిడా ఏం చూశామో గుర్తు కూడా లేదు. మీకు చూపించాలని మేం తాపత్రయపడతాం. వచ్చిన ప్రతిదానికీ వంక పెడతారు. చలి అంటారు, ఎత్తు అంటారు, చివరికి సరస్సు కూడా గడ్డకట్టాలి మీకు! 4వ లైను గారి లాంటివాళ్ళని తీసుకెళ్ళేబదులు ఇంట్లో వదిలేసి వెళ్తేనే అందరికీ హాయి.

బ్రాడీపేట 4వ లైను:
వదిలేసే వెళ్ళారు బాబూ.
ఎందుకు వద్దంటున్నానో అప్పుడే చెప్పాల్సింది. పరువు తక్కువని ఊరుకున్నాను. నాలుగు రోజులు ఉన్నాం. పొద్దున ఏడింటికి మా అమ్మాయీ అల్లుడూ, వాళ్ళ స్నేహితుల జంట, పెద్ద బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. చిన్నదానికి అప్పుడు రెండేళ్ళు. అది నా దగ్గర. మంచు చూపిద్దామంటే దానికి కోటు తొడిగేసరికి అరగంట, బయటికి తీసుకెళ్తే అయిదు నిమిషాల్లో ఏడుపు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం ఎవరూ ఉండరు, సాయంత్రం ఆరుగురికి అన్నం, పప్పు, ఇంటి నుంచి మోసుకొచ్చిన గోంగూర పచ్చడి. ‘అమ్మ చేతి వంట ఉంటే బయట తినబుద్ధి కాదు’ అని మెచ్చుకున్నారు. సరస్సుని కారు అద్దంలోంచి చూశాను. తిరిగొచ్చే రోజు ఎమరాల్డ్ బే దగ్గర పది నిమిషాలు ఆపారు, అదే నేను చూసిన తాహో. ఆ ఐసు ముక్క ఒక్కటే నేను కళ్ళారా చూసింది. అది కూడా అబద్ధమంటే నాకు ఒళ్ళు మండదా?

ఏలూరు రోడ్ సుబ్బడు:
అయ్యో.

బీసెంట్ రోడ్ బుల్లోడు:
అమ్మా, గుల్మార్గ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

లక్ష్మీపురం టు ఫ్రీమాంట్:
సారీ అండీ. మీ సంగతి నాకు తెలీదు. కానీ ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీ అమ్మాయికి చెప్పారా? ‘నాకూ పైకి వెళ్ళాలనుంది, ఈ రోజు నువ్వు పిల్లని చూసుకో’ అని ఒక్క మాట అన్నారా? మీరు అనరు. ‘మీరు వెళ్ళండమ్మా, నాకెందుకు ఈ వయసులో’ అంటారు. మేం నిజమే అనుకుంటాం.

బ్రాడీపేట 4వ లైను:
అన్నాను, ఆ మాటే అన్నాను. నేను అలా అంటే నిజమని నమ్మే పిల్లని నేను కన్నానా? దాని చిన్నప్పుడు ‘నాకు ఆకలి లేదమ్మా’ అంటే నేను నమ్మానా? అడగాలి కదా.

లక్ష్మీపురం టు ఫ్రీమాంట్:
చెప్పాలి కదా.

బ్రాడీపేట 4వ లైను:
అడగాలి.

తెనాలి సైన్సు మాస్టారు:
ఇది మాత్రం తేలదు.

కృష్ణలంక కోడలు:
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నేను ఆ స్కీయింగ్‌కి వెళ్ళిన బ్యాచ్‌లో మనిషిని, వేరే ఇంట్లో. ఏడాదంతా ఉద్యోగం, డేకేర్, మళ్ళీ ఉద్యోగం. అత్తయ్యగారు ఉన్నారు కదా అని ఆ మూడు రోజులే మాకు ఊపిరి. ఆవిడకి కష్టంగా ఉందని తెలిసీ తెలియనట్టు ఉన్నాను. అడిగితే ఆవిడ నిజం చెప్తుందేమోనని భయం. అందుకే అడగలేదు.

(చాలాసేపు ఎవరూ రాయలేదు.)

పటమట పెద్దాయన:
ఈ చర్చ మొత్తం మా ఆవిడకి చదివి వినిపించాను. కృష్ణలంక అమ్మాయి రాసింది రెండోసారి చదవమంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయి, పది నిమిషాలకి వచ్చి ఇలా అంది: ‘వెళ్దాం. మూడు రోజులు నేను పిల్లాణ్ణి చూసుకుంటాను. ఒక్క రోజు వాళ్ళు చూసుకోవాలి, మనిద్దరం ఆ గొండోలా ఎక్కాలి. టికెట్ డబ్బు మీ పెన్షన్‌లోంచి. బోర్డు చూసి లెక్క కట్టారంటే కొండ మీంచి తోసేస్తాను.’ ముందు డాక్టర్ దగ్గర బీపీ చూపించుకుని, అంత ఎత్తుకి వెళ్ళొచ్చా లేదా అడుగుతాను. ఈ షరతు అబ్బాయికి నేనే చెప్పాలట. ఇప్పుడు అక్కడ అర్ధరాత్రి. రేపు పొద్దున చేస్తాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను గానీ మొదటి వాక్యం కుదరడం లేదు.
ఇంకొకటి. శీతాకాలంలో మన ఊళ్ళో టిబెటన్లు పెట్టే కొట్లలో స్వెటర్లు కొనుక్కుని వెళ్తే సరిపోతాయా?

బ్రాడీపేట 4వ లైను:
సరిపోవండీ. ఉన్ని మీద మంచు కరిగి తడిసిపోతుంది. పైన తడవని కోటు, తడవని ప్యాంటు కావాలి, అవి అక్కడే అద్దెకి దొరుకుతాయి. లోపల వేసుకునే థర్మల్స్ మాత్రం ఇక్కణ్ణించి రెండు జతలు తీసుకెళ్ళండి. మీ ఆవిడగారికి మోకాలి పట్టీలు, జారని బూట్లు ముఖ్యం. నేలమీద మంచు గట్టిపడితే నున్నటి గచ్చుమీద నూనె పోసినట్టుంటుంది. మందులు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి.
గోంగూర పచ్చడి పెద్ద సీసా తీసుకెళ్ళొద్దు. తీసుకెళ్ళారా, వంట మీకే పడుతుంది.