మనసు కీడు శంకిస్తే అది నిజంగా సూచనేనా?

వెన్నెలబాట:
ఏ కారణం లేకుండా గుండెలో గుబులు, కాసేపటికే చెడ్డ కబురు. ఇది చాలామందికి అనుభవమే. 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడి మీదా, ఇళ్ల మీదా పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలే. ముందే కీడు తోచినవాళ్లు రాయండని జాన్ బార్కర్ అనే సైకియాట్రిస్ట్ పత్రిక ద్వారా అడిగితే 76 ఉత్తరాలొచ్చాయి. ఇవన్నీ కాకతాళీయమేనా?

లెక్కతేలాలి:
ఆ ఉత్తరాలన్నీ ఘోరం జరిగాక వచ్చినవండీ. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. ముందుగా తోచినవి ముందుగానే నమోదు చేద్దామని బార్కర్ 1967లో పత్రికవాళ్లతో కలిసి ఒక బ్యూరో పెట్టారు. వందల్లో వచ్చాయి. నిజమయ్యాయని లెక్కేసినవి చాలా కొద్ది, వాటిలోనూ ఎక్కువ భాగం ఇద్దరు పంపినవే. కీడు తోచి ఏమీ జరగని రోజు ఎవరికి గుర్తుంటుంది?

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. మీరిద్దరూ రేపటి గురించే వాదిస్తున్నారు. రోగి ఉన్నట్టుండి "నాకేదో అయిపోతోందమ్మా, నేను బతకను" అంటే మేం దాన్ని లక్షణంగానే తీసుకుంటాం. గుండెపోటులో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడినప్పుడు, తీవ్రమైన అలర్జీలో ఆ భయం రావచ్చు. రక్తం ఎక్కిస్తుంటే మొదటి 15 నిమిషాలు మంచం పక్కనే ఉండేది ఇలాంటివి కనిపెట్టడానికే. సరిపడని రక్తమైతే జ్వరం, వణుకు, నడుంనొప్పితో పాటు ఈ మాట కూడా వినిపిస్తుంది. వెంటనే ఎక్కించడం ఆపేసి, డాక్టర్‌ని పిలిచి, బ్యాగు మీది వివరాలు రోగి చేతి పట్టీతో మళ్లీ సరిచూస్తాం. ఒంట్లో మొదలైపోయినదాన్ని మనసు పట్టుకుంటోంది, అంతే. దయచేసి అలా అన్నవాళ్లని "ఊరికే భయపడకు" అని పడుకోబెట్టకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

వెన్నెలబాట:
ఒంటి సంగతి ఒప్పుకుంటాను మేడమ్. ఎక్కడో దూరాన ఉన్న మనిషి గురించి తోచేదాని మాటేమిటి? అది నా ఒంట్లో లేదుగా.

లెక్కతేలాలి:
అందుకే అడుగుతున్నా. తోచిన వెంటనే, కబురు రాకముందే తేదీ, టైం వేసి రాయండి. ఎవరికి, ఏమవుతుందనిపించిందో కూడా. ఏమీ జరగకపోయినా ఆ పేజీ చింపొద్దు. ఏడాది తర్వాత మొత్తం ఇక్కడ పెట్టండి, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం. సరిపోలినవే ఎక్కువుంటే నా మాట మార్చుకుంటాను.