ఇనుమారా, ఇరుమారా?

కొలిమిగట్టు:
వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో నా మరుగుజ్జు యోధుడికి గనిపని, కమ్మరం నేర్పించాను. కమ్మరంలో నైపుణ్యం 198కి చేరాక విసుగు పుట్టి, దాన్ని వదిలి రసవాదం పడదామా, ఇంజనీరింగ్ పడదామా అని ఊగిసలాడుతున్నాను. ఆ ఆటలో ఒక పాత్రకు ప్రధాన వృత్తులు రెండే ఉంటాయి; ఒకదాన్ని వదిలితే అందులో గడించిన నైపుణ్యమంతా పోయి, మళ్లీ నేర్చుకోవాలంటే 1 నుంచి మొదలుపెట్టాలి. ఈ సంగతి చెప్పగానే మా జట్టులోని ఒకాయన “ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు / కాచి యతుకవచ్చు క్రమముగాను / మనసు విరిగెనేని మరి యంటనేర్చునా” అని వేమన పద్యం అందుకున్నారు. నేను చిన్నప్పుడు వల్లె వేసింది “ఇరుమారు ముమ్మారు” అని. రెండింటిలో ఏది సరైనదో, పనిలో పనిగా ఏ వృత్తి మేలో పెద్దలు చెప్పగలరు.

ఆటవెలది:
ఛందస్సు మీకు సాయపడదు. మొదటి పాదాన్ని విడగొడితే ఇనుము, విరిగె, నేని అని మూడు సూర్యగణాలు, ఆపై ఇనుమారు, ముమ్మారు అని రెండు ఇంద్రగణాలు వస్తాయి. నాలుగో గణం ఇనుమారైనా ఇరుమారైనా సలమే అవుతుంది. యతి ‘ఇ’ మీద ఉంది కనుక దానికీ భంగం లేదు. గణమూ యతీ ఒప్పుకున్న చోట చెవి ఒక్కటే మిగులుతుంది, నా చెవికి ‘ఇను’ బాగుంది.

నల్లరేగడి:
చెవి దాకా పోనక్కరలేదు, వ్యాకరణమే చాలు. రెండు అనే అర్థంలో ‘ఇరు’ అన్నది మకార నకారాల ముందు ‘ఇను’, ‘ఇన్’ కావడం మనకు కొత్త కాదు. ఇనుమడి, ఇనుమడించు, ఇన్నూరు అంటాం. ఇరువురు, ఇరుపక్కల, ఇరుగడ అనే చోట మాత్రం రేఫ నిలిచింది. మారు మకారంతో మొదలవుతుంది కాబట్టి ఇనుమారే సహజం. కొలిమిగట్టు గారి బడిలో ఎవరో ‘దిద్ది’ ఉంటారు.

పొలిమేర:
నల్లరేగడి గారి సూత్రం అంత గట్టిదైతే అయ్యప్ప దీక్ష పట్టినవారు ఇరుముడి ఎందుకు కడుతున్నారు?

నల్లరేగడి:
అది దక్షిణం నుంచి దీక్షతో పాటు నడిచి వచ్చిన మాటండి. అరవంలో రేఫ నిలుస్తుంది, మన దగ్గర నకారమవుతుంది. కన్నడంలో రెంటికీ చెందక ‘ఇమ్మడి’ అయింది. ఇమ్మడి పులకేశి పేరు విననివారు ఇక్కడ లేరనుకుంటాను.

ఆటవెలది:
మీరు అరవం ఎత్తారు గనుక అసలు రహస్యం చెబుతాను. మన ఇనుము అరవంలో ఇరుంబు. అంటే లోహం పేరులోనూ, రెండు అనే మాటలోనూ మనకు ‘ను’ వినిపించే చోట వారికి ‘రు’ వినిపిస్తుంది. వేమన ఇనుముతో మొదలుపెట్టి ఇనుమారు అన్నది ఆ జత కుదరడం చూసే అని నా గట్టి నమ్మకం. ఇరుమారు అని చదివితే పద్యంలోని సగం చమత్కారం చేజేతులా పారబోసుకున్నట్లే.

పొలిమేర:
చమత్కారమే కావాలంటే ఇంకొకటి ఉంది. ఇనుము, ఆరు కలిస్తే ఉత్వసంధి వల్ల ఇనుమారు అవుతుంది. ఇనుము ఆరుతుంది, అంటే చల్లారుతుంది. చల్లారినప్పుడల్లా మళ్లీ కాచాలి. ఈ అర్థం ఎవరికీ తట్టకపోవడం నాకు వింతగా ఉంది.

నల్లరేగడి:
తట్టింది, వదిలేశాం. అలా విడదీస్తే పక్కనున్న ముమ్మారుకు జత లేకుండా పోతుంది, ‘క్రమముగాను’ అన్న మాటకు పని ఉండదు. ఇనుము చల్లారనిది ఎవరి కొలిమిలో?

సమ్మెట:
కొలిమి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా తాతగారి ఊళ్లో నాగలి కర్రు విరిగితే కొలిమి దగ్గర కూర్చుని తిత్తి తొక్కినవాణ్ని నేను. విరిగిన రెండు ముక్కలూ తెల్లబారేదాకా కాగాక, వాటి మీద గుప్పెడు ఇసుక చల్లి, పట్టకారుతో దాగలి మీదికి లాగి, సమ్మెట దెబ్బ వేస్తేనే అతుకు పడుతుంది. ఒక్క కాపుకు అది పూర్తిగా పట్టదు, తిరిగి నిప్పుల్లోకి తోయాలి, మళ్లీ కొట్టాలి. రెండు మూడు సార్లన్నది అక్కడ అలంకారం కాదు, పని పద్ధతే. ‘ఇను’ కానీయండి, ‘ఇరు’ కానీయండి, ఇనుము కాచి అతికిన తీరు ఆ కవికి తెలుసు. కంచు మోగినట్లు కనకం మోగుతుందా అని అడిగినవాడు కూడా ఆయనే కదా.

కొలిమిగట్టు:
కంచు అన్నారు కాబట్టి ఒక సందేహం. ఆటలో ఒక రాగి కడ్డీ, ఒక తగరం కడ్డీ కరిగిస్తే రెండు కంచు కడ్డీలు వస్తాయి. నిజంగానూ పాళ్లు ఇంతేనా?

సమ్మెట:
సగానికి సగం తగరం పోస్తే గిన్నె చేతిలోనే పగులుతుంది. తినే కంచుకు తగరం ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆట పెట్టిన లెక్క తేలిక కోసం పెట్టిందే. దానికంటే ఒక ఇనుప కడ్డీ, ఒక బొగ్గు కలిపితే ఉక్కు అన్న లెక్కే నయం, కనీసం బొగ్గు అవసరమని గుర్తుంచుకున్నారు. తెలంగాణలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసినవారు దాన్ని చూసి నవ్వుకుంటారేమో గానీ, కోప్పడరు.

ఆటవెలది:
కొలిమిగట్టు గారి అసలు ప్రశ్నకు వస్తే, రసవాదం వేమనకే అచ్చిరాలేదని ఐతిహ్యం. పైగా మూలికలు ఏరే వృత్తి లేకుండా రసవాదం పడితే ప్రతి ఆకూ వేలంశాలలో కొనుక్కోవాలి. గనిపని వదిలి మూలికల వృత్తి పడితే యోధుడి ఖనిజమంతా ఎటు పోతుంది? రెండూ ఉంచుకున్నా మ్యాపు మీద గనులూ మూలికలూ ఒకేసారి కనబడవు. ఇంజనీరింగ్ అయితే గనిలో తవ్వినది గనిపనివాడికే పనికొస్తుంది.

పొలిమేర:
కమ్మరం 198 దగ్గర వదలడం ఏం న్యాయం? 200 దాటి, 40వ స్థాయికి చేరితే కవచాల కమ్మరిగానో, ఆయుధాల కమ్మరిగానో ఒక దారి పట్టవచ్చు. యోధుడు లోహపు రేకుల కవచం తొడిగేదీ ఆ 40 దగ్గరే. వదిలేశాక మళ్లీ అంటనేర్చునా అని మూడో పాదం మిమ్మల్నే అడుగుతోంది.

నల్లరేగడి:
మూడో పాదం ‘మరి యంటనేర్చునా’ అనే ఎందుకు అనుకుంటున్నారు? ‘మరి చేర్చరాదయా’ అన్నా సలమూ రగణమూ తప్పవు, ‘మ’ మీద యతీ తప్పదు.

కొలిమిగట్టు:
ఇంకా ఏ బటనూ నొక్కలేదు. కమ్మరం 201కి వచ్చింది. మా జట్టు ఆయనకు ఆటవెలది గారి వివరణ చూపిస్తే, “ఇరుంబు సంగతి నాకు ముందే తెలుసు” అన్నారు.

సమ్మెట:
ఆయన రెండో పాదంలో ‘కాచి’ అంటారా, ‘కాల్చి’ అంటారా కనుక్కోండి. మా ఊరి కమ్మరి నోట ఎప్పుడూ కాచడమే వినిపించేది, కాల్చేది కుమ్మరి.