చెంప లోపల గడ్డ: ఈ బయాప్సీ రిపోర్టు ఎలా చదవాలి?

నరసన్నపేట డెంటిస్ట్:
చెంప లోపలివైపు గట్టి గడ్డ, నొప్పి లేదు, పైన నున్నగా ఉంది. ఫైబ్రోమా (పీచు కణజాలంతో ఏర్పడే మామూలు గడ్డ) అనుకుని మొత్తం తీసి విశాఖ ల్యాబుకి పంపాను. ‘బినైన్ హిస్టియోసైటిక్ లీజన్, ఐహెచ్‌సీ అవసరం’ అని ఒక్క ముక్క రాసి పంపారు. అంటే హిస్టియోసైట్లనే రక్షణ కణాలతో ఏర్పడ్డ, క్యాన్సర్ కాని గడ్డ; ఏ రకమో తేలాలంటే కణాల్లోని ప్రోటీన్లకి రంగు వేసి చూసే పరీక్ష (ఐహెచ్‌సీ) చేయాలి. సాయంత్రం నుంచి పుస్తకాలు తిరగేస్తూనే ఉన్నాను, తేలడం లేదు. రేపు పేషెంటు వాళ్లు వస్తారు. ఏం చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ప్రొఫెసర్, విజయనగరం:
బాబూ, శ్రీకాకుళం తీరంలో నోటి జబ్బు ఏదొచ్చినా ముందు అడ్డపొగ సంగతి అడగాలి. చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాల్చేవాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి, అంగిట్లో తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, చివరికి క్యాన్సర్ కూడా వస్తాయి. లైటు వేసి అంగిలంతా చూశావా?

పాథాలజీ పీజీ:
వయసు?

నరసన్నపేట డెంటిస్ట్:
ఏడేళ్ల బాబు. చుట్ట ప్రసక్తే లేదు సార్.

బొబ్బిలి డెంటల్ క్లినిక్:
పిల్లాడంటే లాంగర్‌హాన్స్ హిస్టియోసైటోసిసే, అదే లాంగర్‌హాన్స్ రకం కణాలు అతిగా పెరిగి ఎముకల్ని కూడా తినేసే జబ్బు. దవడ ఎక్స్‌రే తీయించండి.

పాథాలజీ పీజీ:
రిపోర్టులో హిస్టియోసైటోసిస్ అని లేదు. లాంగర్‌హాన్స్ అయితే ఐహెచ్‌సీలో సీడీ1ఏ, లాంగరిన్, ఎస్100 అనే గుర్తు ప్రోటీన్లు మూడూ పాజిటివ్ రావాలి.

బొబ్బిలి డెంటల్ క్లినిక్:
రెండూ హిస్టియోసైట్లే కదండీ, అంత పట్టింపు ఎందుకు?

పాథాలజీ పీజీ:
వైద్యమే మారిపోతుంది కాబట్టి. ఈ వయసులో నేను ముందు చూసేది జువెనైల్ జాంథోగ్రాన్యులోమా, అంటే పిల్లల్లో ఎక్కువగా చర్మం మీద పసుపు బుడిపెలా వచ్చే, క్యాన్సర్ కాని హిస్టియోసైట్ల గడ్డ. స్లైడులో టూటన్ జెయింట్ సెల్స్ అనే పెద్ద కణాలు వెతకమనండి: న్యూక్లియస్‌లు ఉంగరంలా చుట్టూ చేరి, వాటి బయట సైటోప్లాజం నురగలా కనిపిస్తుంది. సీడీ68, ఫ్యాక్టర్ 13ఏ పాజిటివ్, సీడీ1ఏ నెగటివ్ వస్తాయి. సీడీ68 ఒక్కటే చూసి తేల్చకూడదు, మాక్రోఫేజ్ (చెత్తను మింగే రక్షణ కణం) ఎక్కడున్నా అది పాజిటివే. కణాలు సన్నగా, చాప అల్లికలా ఉంటే బినైన్ ఫైబ్రస్ హిస్టియోసైటోమా అనే మరో క్యాన్సర్ కాని గడ్డ గురించి ఆలోచించాలి, కానీ అది ఎక్కువగా పెద్దవాళ్లలో వస్తుంది. బాబు ఒంటి మీద పసుపు రంగు బుడిపెలున్నాయా?

నరసన్నపేట డెంటిస్ట్:
వాళ్లమ్మకి ఫోన్ చేశాను. మెడ మీద ఒకటి ఉందట, పులిపిరి అనుకున్నారట.

పాథాలజీ పీజీ:
దాన్ని స్కిన్ డాక్టర్‌కి చూపించండి. బ్లాకు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క) ల్యాబులోనే ఉంచి ఐహెచ్‌సీ చేయించండి.

రిటైర్డ్ ప్రొఫెసర్, విజయనగరం:
ఇంట్లో నాన్నమ్మ గానీ చుట్ట కాలుస్తుందేమో అడుగు బాబూ. ఆవిడ అంగిలి కూడా చూడు.

నరసన్నపేట డెంటిస్ట్:
సరే సార్. పొద్దున్నే ల్యాబుకి ఫోన్ చేస్తాను. థాంక్స్.