తేలికపాటి టార్పు కుట్టాలి, గుడ్డ ఎక్కడ?

లంకకుర్రాడు: అమలాపురం దగ్గరండి మాది. మారేడుమిల్లి అడవిలో నడకకి టార్పు, అదే వానకి పైన కట్టుకునే గుడ్డ, సొంతంగా కుడదామని. అమ్మ మిషనుంది, గుడ్డే లేదు. కొట్లో అడిగితే ధాన్యం రాశుల మీద కప్పే బరకం చూపిస్తన్నారు. అది మోస్తే ఇంక నడిచినట్టే!

కుట్టుపిచ్చి: సిలికాన్ పూత ఉన్న రిప్‌స్టాప్ గుడ్డ (చిరుగు పాకకుండా గళ్ళుగా నేసినది), 20 లేదా 30 డెనియర్‌ది (అది పోగు మందం లెక్క, తక్కువైతే తేలిక), ఆన్‌లైన్లో వెతకండి. అందులో నైలాన్, పాలిస్టర్ రెండూ ఉంటాయి. నైలాన్ తడిస్తే సాగుద్ది. అర్ధరాత్రి లేచి తాళ్ళు బిగించుకోవాలి. పాలిస్టర్ అంత సాగదు. మన తేమకి నా ఓటు దానికే. దారమూ పాలిస్టరే, నూలుది చివికిపోద్ది. కుట్టు చిల్లులకి టేపు వేద్దామనుకోకండి, ఆ పూతకి అంటదు. రంగుల కొట్లో మినరల్ టర్పెంటైన్, సిలికాన్ సీలెంట్ తెచ్చి, మజ్జిగంత పల్చగా కలిపి పాత బ్రష్షుతో రాయండి. ఆరుబయటే సుమా, ఆ వాసన తలకెక్కుద్ది.

వలతాడు: తాళ్ళకి కాకినాడలో వలల కొట్లు చూడండి. అల్లిన తాడే అడగండి, పురి పెట్టినది కోసిన చోట విడిపోద్ది. కొసలు అగ్గిపుల్లతో కాల్చండి.

లంకకుర్రాడు: పాలిస్టరే తెప్పిస్తానండి. జారే గుడ్డకి గుండుసూదులు గుచ్చొచ్చా?

కుట్టుపిచ్చి: గుచ్చితే మళ్ళీ చిల్లులేగా! బట్టలారేసే క్లిప్పులు పెట్టండి.