ప్రతి సంవత్సరం లేవీయకాండము దగ్గరే ఆగిపోతున్నాను: అనుదిన బైబిలు పఠనం నిలవాలంటే ఏమి చేయాలి?

ప్రశ్న (ల్యాబు సహోదరి):

అందరికీ ప్రభువు నామమున వందనములు. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. ప్రస్తుతం హైదరాబాదులో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. గత మూడు సంవత్సరాలుగా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, ఆ యేటికి వాగ్దానంగా ఒక బైబిలు వచనం వ్రాసి ఇచ్చే వాగ్దాన కార్డు చేతికి అందగానే, ఈ యేడు బైబిలు మొత్తం చదివి తీరుతానని తీర్మానించుకుంటున్నాను. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు అధ్యాయాలు అనే లెక్క మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆదికాండము కథలా సాగిపోతుంది. నిర్గమకాండములో ఎర్రసముద్రం దాటే వరకు పుస్తకం మూయబుద్ధి కాదు. ప్రత్యక్ష గుడారపు మూరల కొలతలు మొదలయ్యాక నడక నెమ్మదిస్తుంది. జనవరి నెలాఖరుకు లేవీయకాండములోని బలుల అధ్యాయాలకు వచ్చేసరికి ఒక రోజు తప్పుతుంది, మరునాడు ఆరు అధ్యాయాలు చదవాలి కదా అన్న భయంతో ఆ రోజూ తప్పుతుంది, బాకీ పన్నెండు అధ్యాయాలకు చేరిన తరువాత ఇక లెక్కపెట్టడం కూడా మానేస్తాను. ఫిబ్రవరి రెండవ వారం నుండి నా బైబిలు ఆదివారం నాడు మాత్రమే సంచిలో నుండి బయటకు వస్తుంది.

నా ఇబ్బంది మరొకటి ఉన్నది. నాకు ఒక వారం ఉదయం ఆరింటి డ్యూటీ, మరొక వారం మధ్యాహ్నం రెండింటి డ్యూటీ, ఇంకొక వారం రాత్రి పదింటి డ్యూటీ ఉంటుంది. మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వాకిలి ఊడ్చకముందే బైబిలు తెరిచేది. వేకువనే చదవాలని సంఘంలో పెద్దలందరూ చెప్పేదీ అదే. అయితే మూడు వారాలకు ఒకసారి ఆ వేళకు నేను రక్త నమూనాల మధ్య ఉంటాను. పైగా పాత అనువాదంలోని గ్రాంథిక భాష అమ్మకు నోటికి వచ్చు గాని, నేను ఒక్కొక్క వచనం రెండు సార్లు చదివితే గాని అర్థం కాదు. వాడుక భాషలోని అనువాదం చదివితే తక్కువ చేసినట్లవుతుందా? చదవని రోజున ప్రార్థనకు కూర్చోవడానికి కూడా సిగ్గుగా ఉంటున్నది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (విశ్రాంత ఉపాధ్యాయుడు, సండే స్కూలు సేవ):

అమ్మా, మీకు వందనములు. ముందుగా లెక్క చూద్దాము. ఆదికాండము 50 అధ్యాయాలు, నిర్గమకాండము 40 అధ్యాయాలు, కలిపి 90. రోజుకు మూడు చొప్పున చదివితే జనవరి 30వ తేదీకి అవి పూర్తయి, 31న లేవీయకాండము మొదలవుతుంది. ఆదివారాలలో అదనంగా చదివిన అధ్యాయాలను కలుపుకుంటే మరో మూడు రోజులు ముందే వస్తుంది. కనుక మీరు జనవరి నెలాఖరున ఆగడం మీ భక్తిలోని లోపం కాదు, మీరు ఎంచుకున్న వరుస తెచ్చిపెట్టిన అలసట. నేను ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూలు పిల్లలను చూశాను, సగానికి పైగా అక్కడే ఆగేవారు. వారిని ఆ వరుసలో ప్రారంభింపజేసిన తప్పు నాదేనని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పాత నిబంధన, క్రొత్త నిబంధన కలిపి మనకున్న 66 గ్రంథాలు చదవవలసిన క్రమంలో కుట్టబడలేదు. బలుల సంగతి, ప్రధాన యాజకుడు ఏడాదికి ఒకసారి అతి పరిశుద్ధ స్థలంలోనికి వెళ్లే సంగతి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలలో చదివిన తరువాత లేవీయకాండము 16వ అధ్యాయం తెరిచి చూడండి. విసుగు పుట్టించిన ఆ పేజీలే మిమ్మల్ని కూర్చోబెడతాయి. అందుచేత మీరు మార్కు సువార్తతో ప్రారంభించండి. అది 16 అధ్యాయాలే. ఆ తరువాత మిగిలిన క్రొత్త నిబంధన చదవండి. క్రొత్త నిబంధనలో మొత్తం 260 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకే ఒక అధ్యాయం చదివితే సరిగ్గా 52 వారాలలో పూర్తవుతుంది. ఆ ఐదు రోజులు ఏవన్నది మీ డ్యూటీ చార్టు చూసి మీరే నిర్ణయించుకోవచ్చు. మిగిలిన రెండు రోజులు తప్పిన అధ్యాయానికి చోటుగా ఉంటాయి గనుక బాకీ అనే మాటే రాదు.

ఏడాదిలో బైబిలంతా చదివించే పట్టికలలో పేరుపొందినది స్కాట్లండులోని డండీ పట్టణపు సంఘకాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘస్థుల కోసం తయారుచేసినది. రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున అందులో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండు సార్లు పూర్తవుతాయి. దానిని నేటికీ ఎందరో పంచుకుంటారు గాని, ఆయన ఆ పట్టికతో పాటే దానిలోని ప్రమాదాలను కూడా వ్రాసి ఇచ్చిన సంగతి చెప్పేవారు తక్కువ. మొక్కుబడిగా చదవడం, ఇంత చదివానన్న స్వనీతి, అజాగ్రత్తగా కళ్లు పరుగెత్తించడం, కొందరికి అది మోయలేని కాడి కావడం అని ఆయనే హెచ్చరించాడు. మీకు పట్టుకున్నది ఆ చివరిది.

సమాధానం 2 (కువైట్ నుండి, కోనసీమ వాడిని):

సహోదరీ, మాస్టారు గారు చెప్పిన లెక్క బాగుంది గాని, రోజుకు ఒక అధ్యాయం కూడా ప్రారంభంలో ఎక్కువేనని నా అభిప్రాయం. నేను ఇక్కడ ఒక ఇంటిలో డ్రైవరుగా పని చేస్తున్నాను. నాకు నిలకడైన వేళ అంటూ లేదు. యజమాని పిలిచినప్పుడే నాకు తెల్లవారుతుంది. చాలాకాలం గడియారంతో పోరాడి ఓడిపోయిన తరువాత, వేళను వదిలిపెట్టి, ప్రతి రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి పఠనాన్ని ముడివేశాను. పిల్లలను బడి నుండి తీసుకురావడానికి వెళ్లి గేటు ముందు బండి ఆపిన తరువాత, ఫోను ముట్టుకోకముందు చదవాలన్నది నా నియమం. ఫోనులోనే బైబిలు యాప్ ఉన్నది గదా అని మొదట అందులోనే చదివేవాడిని; మూడవ వచనం దగ్గర వాట్సాప్ మోగేది, అంతటితో ఆ రోజు పఠనం ముగిసేది. ఇప్పుడు చిన్న క్రొత్త నిబంధన ఒకటి బండిలోనే ఉంచుకున్నాను. ఇక్కడి ఎండకు దాని అట్ట జిగురు కరిగి, రోమీయులకు వ్రాసిన పత్రిక పేజీలు కట్టగా ఊడి చేతికి వచ్చాయి. అందుకని దానిని తువాలులో చుట్టి సీటు కింద పెడుతున్నాను.

మీకు కూడా మూడు డ్యూటీలలోనూ మారని పని ఒకటి ఉంటుంది, వెతకండి. గదికి వచ్చి చేతులు కడుక్కుని టీ గిన్నె పొయ్యి మీద పెట్టడం అటువంటిదే అనుకుందాము. 119వ కీర్తనలో 176 వచనాలు ఉన్నాయి. అవి హెబ్రీ అక్షరాల వరుసలో ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు. మన తెలుగు బైబిలులో ఆలెఫ్, బేత్, గీమెల్ అని పైన వ్రాసి ఉండేవి ఆ అక్షరాల పేర్లే. టీ మరిగేలోగా ఎనిమిది వచనాలు పైకి చదవవచ్చు, నేను చూశాను. పైకి చదవడం ముఖ్యం. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పు విన్నాడని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం చెబుతున్నది. అంటే ఆయన పైకే చదువుతున్నాడు. బండిలో చదివేవారికి ఆయన పెద్దన్న వంటివాడు.

సమాధానం 3 (కతోలిక విశ్వాసి, ఏలూరు):

క్రీస్తునందు ప్రియ సహోదరీ, మా వైపు అలవాటు కొంత వేరు గనుక చెబుతున్నాను. మేము దివ్యపూజాబలిలో, అంటే మా గుడి ఆరాధనలో, ఆ రోజుకు నియమించిన పఠనాలనే ఇంటిలోనూ చదువుకుంటాము. ఆదివారం కాని సాధారణ దినాలలో మొదటి పఠనం, భక్తి కీర్తన, సువిశేషం (మీరు సువార్త అనేది) ఉంటాయి. పండుగ కాలాలు కాని సాధారణ కాలంలో మొదటి పఠనం రెండు సంవత్సరాల వరుసలో మారుతుంది, సువిశేషం మాత్రం ఏటా అదే. ఆదివారపు పఠనాలు మూడు సంవత్సరాల వరుసలో మత్తయి, మార్కు, లూకా సువిశేషాలను ప్రధానంగా తీసుకుని నడుస్తాయి. ఇందులో మీకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. నిన్న చదవకపోతే అది నిన్నటితోనే పోతుంది. ఈ రోజు తేదీకి ఈ రోజు పఠనమే ఉంటుంది, ఎక్కడ తెరిచినా మీరు మిగిలిన సంఘమంతటితో కలిసి ఒకే పేజీలో ఉంటారు. ఈ పద్ధతిలో బైబిలు మొత్తం పూర్తి కాదన్న మాట నిజమే. మా బైబిలులోని 73 గ్రంథాలలో కొన్ని భాగాలు పఠనాలలో అసలు రావు. వాటి కోసం నేను ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో వేరుగా ఒక గ్రంథం ఎంచుకుని పూర్తిగా చదువుతాను.

సమాధానం 4 (పాస్టరమ్మ):

అమ్మాయీ, అనువాదం గురించి ఎవరూ చెప్పలేదు గనుక చెబుతున్నాను. వాడుక భాషలో చదవడం తక్కువ ఎంతమాత్రమూ కాదు. ఎజ్రా నీటి గుమ్మము ఎదుట ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివినప్పుడు, లేవీయులు జనులకు అర్థం చెప్పి గ్రహింపజేశారని నెహెమ్యా 8వ అధ్యాయంలో ఉన్నది. కాబట్టి అర్థం కోసం వాడుక భాషలోనిది చదవండి. కంఠతకు మాత్రం పాతదే ఉంచుకోండి, ఆ వాక్యాలకు ఉన్న నడక నోటికి తొందరగా పడుతుంది.

రాత్రి డ్యూటీ వారం మరీ కష్టమైతే, ఒక నోటుపుస్తకం తీసుకుని రోజుకు రెండు వచనాలు చేతితో వ్రాయండి. ఇశ్రాయేలు రాజు సింహాసనం మీద కూర్చున్నప్పుడు ధర్మశాస్త్రపు ప్రతి ఒకటి వ్రాసుకుని, తాను బ్రతుకు దినములన్నిటిలో దానిని చదవాలని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞ నాకు ఇష్టం. నిద్ర కళ్లతో చదివితే వరుస తప్పుతుంది గాని, వ్రాసేటప్పుడు చెయ్యి కంటిని లాక్కుని వెళుతుంది. చదవని రోజున ప్రార్థన మానవద్దు. చదవలేదనే చెప్పి ప్రార్థించండి.

ప్రశ్న అడిగిన సహోదరి తిరిగి:

అందరికీ కృతజ్ఞతలు. కువైట్ సహోదరుని మాట ప్రకారం టీ గిన్నె దగ్గరే ప్రారంభించాను. మూడు వారాలలో మూడు డ్యూటీలూ వచ్చి వెళ్లాయి, రెండు రోజులు తప్పాయి. రాత్రి డ్యూటీ వారంలో ఒక రోజు టీ పొంగి పొయ్యి ఆరిపోయింది గాని చదవడం పూర్తయింది. బాకీ తీర్చాలని ప్రయత్నించలేదు. ఆగిన అక్షరం దగ్గర నుండే మళ్లీ తెరిచాను. 22 భాగాలు పూర్తయిన తరువాత మాస్టారు గారు చెప్పినట్లు మార్కు సువార్తకు వెళతాను.

నూన్ అనే భాగంలో, చిన్నప్పుడు సండే స్కూలులో కంఠత పెట్టిన 105వ వచనం వచ్చింది. సంతోషం ఆపుకోలేక అప్పుడే అమ్మకు ఫోను చేసి, వాడుక భాషలో చదివి వినిపించాను. ఆమె మొత్తం విని, "అట్లా కాదమ్మా, తప్పు చదువుతున్నావు" అని, పాత అనువాదంలోని వచనాన్ని నాతో రెండు సార్లు చెప్పించింది.