పార్కిన్సన్స్‌లో ఆందోళన: ఎఫ్‌ఎంఆర్‌ఐ ఫలితమా, తల కదలికా?

ప్రశ్న: ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనితీరు చూపే స్కాన్)లో, ఆందోళన ఎక్కువున్న పార్కిన్సన్స్ రోగుల్లో అమిగ్డలాకు (భయం, ఆందోళనలతో ముడిపడ్డ మెదడు భాగం) మిగతా భాగాలతో అనుసంధానం, ఆందోళన తక్కువున్నవాళ్లతో పోలిస్తే తేడాగా కనిపిస్తోంది. స్కానర్‌లో ఎక్కువ కదిలిందీ వాళ్లే. నమ్మవచ్చా?

జవాబు 1: అప్పుడే వద్దు. ఫ్రేముకూ ఫ్రేముకూ (స్కాన్‌లో వరసగా తీసే ఒక్కో చిత్రం) మధ్య తల కదలిక 0.5 మి.మీ. దాటిన ఫ్రేములు తీసేయండి, రెస్టింగ్ స్టేట్‌కైతే (ఏ పనీ ఇవ్వకుండా తీసే స్కాన్) 0.2 మేలు. మిగిలిన డేటాలో ఆందోళన ఎక్కువున్న, తక్కువున్న రెండు గుంపుల సగటు కదలికా సమానంగా ఉండాలి. విశ్రాంతి వణుకు సెకనుకు 4–6 సార్లు. ఫ్రేముకు 2 సెకన్లు పడితే ఆ వణుకు తలదాకా పాకి నెమ్మది తరంగంలా నమోదవుతుంది, ఫిల్టర్‌కు దొరకదు.

జవాబు 2: మందు వేళలు చూశారా? లెవోడోపా (పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రధాన మందు) ప్రభావం తగ్గేటప్పుడు చాలామందిలో ఆందోళన పెరుగుతుంది. ఆందోళన స్కోరు స్కాన్ రోజునే, అదే మందు స్థితిలో తీసుకోవాలి.

అడిగినవారు: స్కోరు వారం ముందు తీసుకున్నామండీ.

జవాబు 2: అయితే పోలికే బలహీనం, మళ్లీ తీసుకోండి.

జవాబు 1: సైనస్‌ల గాలివల్ల అమిగ్డలా దగ్గర సిగ్నల్ పడిపోతుంది. ముడి చిత్రాలు ఒక్కొక్కటీ కళ్లతో చూడండి.