న్యూజెర్సీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీతో ఏ పనులు దొరుకుతాయి?

కొత్త సభ్యురాలు:
పెద్దలందరికీ నమస్కారం. ఎడిసన్ వచ్చి రెండు నెలలైంది. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి, జీడిమెట్లలో మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో నాలుగేళ్లు పనిచేశాను. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యగా వచ్చే వీసా) మీద ఉన్నాను, పనిచేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చింది. కెమిస్ట్రీకి ఇక్కడ భవిష్యత్తు లేదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో అని ఇంటికొచ్చిన ప్రతివారూ చెబుతున్నారు. ఏం చేయమంటారు?

పిస్కాటవే నుంచి ఒక అక్క:
చెల్లెమ్మా, ఆ నాలుగేళ్ల అనుభవాన్ని చేజేతులా పారేసుకోకు. నువ్వు దిగిన చోటు మందుల పరిశ్రమకు నడిబొడ్డు. డాక్టర్ రెడ్డీస్ అమెరికా కార్యాలయం ప్రిన్స్‌టన్‌లో ఉంది, అరబిందోది ఈస్ట్ విండ్సర్‌లో ఉంది. జీడిమెట్లలో నువ్వు పాటించిన జీఎంపీ (మందుల తయారీలో నాణ్యత) నియమాలే ఇక్కడి ల్యాబ్‌లలోనూ నడుస్తాయి.

రెజ్యూమెలో "హెచ్‌పీఎల్‌సీ వచ్చు" (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) అని ఒక్క ముక్క రాసి వదిలేయకు. అస్సే (మందు ఎంత ఉందో కొలవడం) చేశావా, డిసొల్యూషన్ (మాత్ర కరిగే తీరు) చేశావా, మలినాల పరీక్షలు చేశావా, హెచ్‌పీఎల్‌సీ ఫలితాలు చూసే ఎంపవర్ సాఫ్ట్‌వేర్ వాడావా, మెథడ్ వాలిడేషన్‌లో (పరీక్ష పద్ధతి సరైనదని నిరూపించడంలో) నీ చేత్తో ఏ భాగం చేశావు, అన్నీ విడివిడిగా రాయి.

నా మొదటి ఇంటర్వ్యూ చెబుతాను. మేనేజరు ఒక క్రొమాటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ గీసిన గ్రాఫు) నా ముందు పెట్టి, పీక్ (గ్రాఫులో పైకి లేచిన శిఖరం) వెనకాల సాగిన తోకను పెన్నుతో చూపించి, ముందు ఏం చూస్తావని అడిగాడు. పుస్తకంలో చదివిన కారణాలన్నీ ఏకరువు పెట్టబోయి ఆగాను. "స్టాండర్డ్‌లో కూడా ఈ తోక ఉందా?" అని, అంటే పోల్చడానికి వాడే తెలిసిన నమూనాలోనూ ఉందా అని అడిగాను. అక్కడి నుంచి మాట కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) వయసు మీదికి, అందులో పారే బఫర్ ద్రావణం పీహెచ్ మీదికి వెళ్లింది. అరగంట సేపు ఇద్దరం ఆ కాగితం మీదే మాట్లాడుకున్నాం. బెంచి దగ్గర నిలబడినవాళ్లకే ఆ ప్రశ్న తడుతుంది.

రెండో ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఫలితం పరిమితి దాటితే ఏం చేస్తావు? "మళ్లీ పరీక్షిస్తాను" అన్నావో, పని పోయినట్టే. 1993లో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో తీర్పు ఇచ్చింది న్యూజెర్సీ ఫెడరల్ కోర్టే. పాసయ్యేదాకా పరీక్షలు చేస్తూ పోవడం కుదరదని తేల్చింది. ముందు విచారణ: తూకం, పలుచన లెక్క, పరికరం, నోటు పుస్తకం. తప్పు ఎక్కడ జరిగిందో ఆధారం దొరికితేనే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి. ఈ జవాబు నీ ల్యాబ్‌లో నిజంగా జరిగిన ఉదాహరణతో చెప్పు.

బెంచి పని చాలనిపించిన రోజు రెగ్యులేటరీ అఫైర్స్ (మందులకు ప్రభుత్వ అనుమతి దరఖాస్తుల పని) ఉంది. జనరిక్ మందుల దరఖాస్తులో తయారీ, నాణ్యతల భాగం రాయడానికి ల్యాబ్ తెలిసినవాళ్లే కావాలి. నాకు తెలిసిన ఇద్దరు ఆడపిల్లలు క్యూసీ నుంచే అటు వెళ్లి స్థిరపడ్డారు.

ట్రెంటన్ నుంచి ఒక అన్న:
అమ్మా, మందులు ఒక్కటే కాదు, నీళ్లు కూడా చూడు. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో ఉన్నాను. పీఎఫ్ఏఎస్ అనే రసాయనాలు వంటపాత్రల పూతల్లో, మంటలార్పే నురగలో వాడినవి, నేలలో, నీళ్లలో త్వరగా విరిగిపోవు. వాటిలో ఒకటైన పీఎఫ్ఎన్ఏకి తాగునీటిలో పరిమితి పెట్టిన మొదటి రాష్ట్రం మనదే: 2018లో, లక్ష కోట్ల భాగాలలో 13. అంత సూక్ష్మంగా కొలవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో (అణువుల బరువు కొలిచే పరికరంతో) జోడించిన ఎల్‌సీ, అంటే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరికరం కావాలి. హెచ్‌పీఎల్‌సీ చేతికి అలవాటైనవాళ్లు దాన్ని త్వరగా పట్టుకుంటారు. జీతం మందుల కంపెనీలకన్నా కాస్త తక్కువే, కానీ మనం తాగే నీళ్ల మీద పని. నాకు ఈ పని మీద గౌరవం ఉంది.

ఒక జాగ్రత్త. శిక్షణ ఇచ్చి ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారికి ఒక్క డాలరు ఇవ్వవద్దు. లేని అనుభవం రెజ్యూమెలో చేర్చమన్నా ఒప్పుకోవద్దు. మా బావమరిది అలా ఒక సంస్థను నమ్మి, డబ్బూ ఆరు నెలలూ పోగొట్టుకున్నాడు. మొదట ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు పనో, సాయంత్రం షిఫ్టో వస్తే చిన్నతనం అనుకోకు. చాలామంది అలాగే లోపలికి వెళ్లారు.

పిస్కాటవే అక్క:
అన్నయ్య మాట నిజం. ఇంకో రెండు పనులు ఈ నెలలోనే మొదలుపెట్టు. నీ డిగ్రీలు ఇక్కడి ఏ చదువుకు సమానమో చెప్పే మూల్యాంకనం సబ్జెక్టులవారీగా చేయించు. డ్రైవింగ్ నేర్చుకో, ఎందుకంటే చాలా ల్యాబ్‌లు రైలు స్టేషన్లకు దూరం. ఈఏడీ గడువుకు 180 రోజుల ముందు నుంచే పొడిగింపుకు దరఖాస్తు చేయవచ్చు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకో. రెజ్యూమె రాసి నాకు విడిగా పంపు, ఆదివారం కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను.